అమ్మ కాళ్ళు ఏం చేస్తున్నాయి?

"పెయిన్ ఉందామ్మా?" అని అడిగింది నర్సు.

"లేదమ్మా" అంది మా అమ్మ.

నేను పక్కనుంచి కలగజేసుకున్నాను. "ఉందండీ, రెండు కాళ్ళూ. రాత్రిళ్ళు అసలు నిద్రపోదు" అన్నాను. ఆ అమ్మాయి కాగితం మీద టిక్కు పెట్టుకుని గోడకున్న బొమ్మలు చూపించింది. వరసగా ముఖాలు. నవ్వే ముఖం కింద సున్నా, ఏడ్చే ముఖం కింద పది. "ఎంతుంటుందో చెప్పండి" అంది. అమ్మ ఆ ముఖాల వంక కాసేపు చూసి, నా వైపు తిరిగి, "ఏం చెప్పనే?" అంది. "ఆరు" అన్నాను నేను. ఎందుకు ఆరో ఇప్పటికీ తెలియదు. నోటికొచ్చిన అంకె.

ఆ ఆరుకు తగ్గట్టే మందులు రాశారు. రెండు నెలలపాటు పొద్దునా రాత్రీ నొప్పి బిళ్ళలు మింగింది. కడుపులో మంట కొత్తగా మొదలైంది, కాళ్ళు మాత్రం ఎక్కడివక్కడే. పదిహేనేళ్ళుగా షుగరున్న మనిషికి అలాంటి బిళ్ళలు అన్నాళ్ళు వాడితే మూత్రపిండాలకు మంచిది కాదని నాకు ఆ తర్వాత తెలిసింది.

ఆ రెండు నెలలూ ఇంట్లో అమ్మ ఏమనేదో నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "అరికాళ్ళు మంటలే. పక్కమీద వాలగానే చిమచిమలాడటం మొదలెడతాయి. దుప్పటి తగిలినా ఓర్చుకోలేను. తెల్లారాక మళ్ళీ దూది మీద నడుస్తున్నట్టుంటుంది." ఒకరోజు పెరట్లో కుళాయి దగ్గర్నుంచి ఒంటికాలి చెప్పుతో లోపలికొచ్చింది. రెండోది దారిలో జారిపోయింది. జారిన సంగతి తనకు తెలియలేదు. నేను వెళ్ళి ఆ హవాయి చెప్పు తెచ్చి గుమ్మం పక్కన పెట్టాను. వయసు మీద పడుతోంది కదా అనుకున్నాను.

మూడో నెలలో వేరే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. పెద్దాయన. మాట్లాడే తీరు వింటే మా వైపు మనిషే అనిపించింది. ఆయన పెయిన్ ఉందా అని అడగలేదు. కుర్చీ ముందుకు జరుపుకుని, "కాళ్ళు ఏం చేస్తున్నాయమ్మా?" అన్నాడు.

అమ్మ మొదలుపెట్టింది. మంటలు, చిమచిమలు, దుప్పటి, దూది, జారిపోయిన చెప్పు. నాతో చెప్పినవన్నీ అదే వరసలో చెప్పింది. ఆయన మధ్యలో ఆపలేదు. అంతా విన్నాక అమ్మను కళ్ళు మూసుకోమని, సన్నటి నైలాన్ పోగు ఒకటి తీసి అరికాలి మీద ఒక్కోచోటా ఆనించాడు. "తగిలినప్పుడు చెప్పమ్మా." పోగు వంగేదాకా నొక్కుతున్నాడు. నేను చూస్తూనే ఉన్నాను. బొటనవేలి కింద నొక్కాడు. అమ్మ మాట్లాడలేదు. వేళ్ళ మొదట్లో నొక్కాడు. మాట్లాడలేదు. "ఇంకా మొదలెట్టలేదా బాబూ?" అంది చివరికి.

షుగరు నరాల మీద పడిందన్నాడు. దానికి మందులు వేరు, మామూలు నొప్పి బిళ్ళలు పెద్దగా పనిచేయవన్నాడు. తర్వాత, "ఈ మాటలన్నీ ఇంతకుముందు చూసినవాళ్ళకు చెప్పారా?" అని అడిగాడు. అమ్మ నా వంక చూసింది.

ఆ మాటలన్నిటినీ మూటగట్టి 'పెయిన్' అని చీటీ అంటించిందాన్ని నేనే. అందుకే ఇది రాస్తున్నాను.

*

ఇంగ్లీషు మాట మీద నాకు కోపం లేదు. దాని పుట్టుపూర్వోత్తరాలు చూస్తే జాలి కూడా వేస్తుంది. గ్రీకులో 'పొయినే' అంటే ఒక మనిషిని చంపినందుకు వాడి వాళ్ళకు చెల్లించాల్సిన పరిహారం. అది లాటిన్‌లోకి వెళ్ళి శిక్ష, జరిమానా అయింది. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు కూడా శిక్ష అన్న అర్థం మోసుకునే వచ్చింది. ఒంటికి కలిగే నొప్పి అన్నది దానికి తర్వాత అబ్బిన అర్థం. ఫుట్‌బాల్‌లో పెనాల్టీ, కోర్టువాళ్ళు పంపే సబ్‌పీనా, మన దేశంలో 1862 నుంచి 2024 జూన్ దాకా నడిచిన పీనల్ కోడ్, అన్నీ ఈ పెయిన్‌కు దాయాదులే. ఈ మాట చేసే మిగతా పనులు కూడా ఆ మూలంలోంచే వచ్చాయి. 'ఫలానా పని చేస్తే మరణశిక్ష' అని హెచ్చరించడానికీ వాళ్ళకు ఇదే మాట. బహువచనంలో వాడితే శ్రమ, జాగ్రత్త అని అర్థం. విసిగించే మనిషిని మెడలో నొప్పి అంటారు, మనం తలనొప్పి అన్నట్టు.

మన దగ్గర దీనికి దగ్గరి చుట్టం యాతన. సంస్కృతంలో ఆ మాటకు ప్రతీకారం, చేసినదానికి తిరిగి అనుభవింపజేయడం అన్న అర్థం ఉంది. యమయాతన అంటున్నామంటే ఆ పాత అర్థంలోనే అంటున్నాం. బాధ వేరే దారిలో వచ్చింది. దాని ధాతువుకు ఒత్తడం, అడ్డగించడం, పీడించడం అని అర్థం. బాధ్యుడు, బాధ్యత కూడా అక్కడివే. మీద ఒత్తిడి ఉన్నవాడు బాధ్యుడు. వేదన ఇంకా వింతైనది. తెలియడం అన్న ధాతువు నుంచి వచ్చింది, వేదం అన్న మాట పుట్టినచోటే పుట్టింది. బౌద్ధులు సుఖానికీ దుఃఖానికీ రెండూ కాని స్థితికీ కలిపి వేదన అన్నారు. ఒంటికి ఏదో తెలుస్తోందని దాని అసలు అర్థం. అమ్మ అరికాలికి పోగు తగిలినా ఏమీ తెలియకపోవడం చూసిన రోజు నుంచీ ఈ మాట నాకు వేరేగా వినిపిస్తోంది.

అయితే ఇవన్నీ నామవాచకాలు, పుస్తకాల్లోంచి ఇంట్లోకి వచ్చినవి. ఇంట్లో పుట్టిన తెలుగు అలా మాట్లాడదు. ఇంగ్లీషువాడికి నొప్పి ఉంటుంది, డబ్బున్నట్టు, జ్వరమున్నట్టు. మనకు ఒళ్ళే ఒక పని చేస్తుంది. కాళ్ళు పీకుతాయి. తెలంగాణలోనైతే గుంజుతయి. పుండు సలుపుతుంది. కన్ను మండుతుంది. కడుపు మెలిపెడుతుంది. మెడ పట్టేస్తుంది. మడమ బెణుకుతుంది. బరువెత్తబోతే నడుము కలుక్కుమంటుంది, పంటికి చల్లనీళ్ళు తగిలితే జివ్వుమంటుంది, పెనం అంటుకుంటే చురుక్కుమంటుంది. రోజంతా నాట్లు వేసొచ్చిన మనిషికి ఒళ్ళు పులిసిపోతుంది. ఒక్కోటీ ఒక్కో క్రియ. పెద్దాయన 'కాళ్ళు ఏం చేస్తున్నాయి' అని అడగడంలో ఉన్నది ఇదే. ఉందా లేదా అంటే ఒక్క ముక్కలో జవాబొస్తుంది, ఎంత అంటే అంకె వస్తుంది. ఏం చేస్తోంది అని అడిగితే జబ్బు మాట్లాడుతుంది.

సలపడం అన్న ఒక్క మాట చూడండి. గోటిచుట్టు లేచినవాళ్ళకు ఇది బాగా తెలుసు. వేలు నాడితోపాటు కొట్టుకుంటూ ఉంటుంది, చెయ్యి కిందికి వేలాడేస్తే ఎక్కువవుతుంది, పైకెత్తి పట్టుకుంటే కాస్త నెమ్మదిస్తుంది. అక్కడ వాచింది, రక్తం ఎగదన్నుతోంది, చీము పట్టి ఉండొచ్చు అని ఆ క్రియే చెబుతుంది. కాళ్ళు పీకుతున్నాయన్న మనిషి ఎప్పుడూ కాళ్ళు సలుపుతున్నాయి అనదు. ఆ తేడా ఎవరూ నేర్పలేదు, బడిలో పాఠం లేదు. అయినా ఒక్కరు కూడా పొరబడరు. ఇంత నిక్కచ్చిగా ఉన్నదాన్ని పట్టుకెళ్ళి ఆసుపత్రి గుమ్మం దగ్గర వదిలేస్తున్నాం.

*

ఇవి పల్లెటూరి మాటలు, వైద్యానికి పనికిరావు అనుకునేవాళ్ళు వైద్యం చేసిన పని చూడాలి. కెనడా మనస్తత్వ శాస్త్రవేత్త రొనాల్డ్ మెల్జాక్ 1950ల్లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో ఉండగా, నొప్పితో వచ్చేవాళ్ళు ఏ మాటలు వాడుతున్నారో రాసుకోవడం మొదలుపెట్టాడు. అలా పోగేసిన మాటలనుంచే 1975లో మెక్‌గిల్ నొప్పి ప్రశ్నావళి తయారైంది. 78 మాటలు, 20 గుంపులు. కొట్టుకునేవి ఒకచోట, పొడిచేవి ఒకచోట, కాలేవి ఒకచోట, లాగేవి ఒకచోట. నొప్పి ఎంత అన్నది ఒక్కటే చాలదనీ, ఎలాంటిది అన్నది కూడా కావాలనీ ఆయన పట్టు. అదే మెల్జాక్ అంతకు పదేళ్ళ ముందు, 1965లో, ప్యాట్రిక్ వాల్ అనే మరో శాస్త్రవేత్తతో కలిసి వెన్నుపాములో నొప్పికి ఒక తలుపులాంటిది ఉంటుందనీ, అది తెరుచుకోవడం మూసుకోవడం మీద మెదడు చెయ్యి కూడా ఉంటుందనీ ప్రతిపాదించాడు. శాస్త్రం తెలియక రోగుల మాటలు ఏరుకున్న మనిషి కాడు.

అమ్మ సంగతికి ఇంకా దగ్గరిది ఇంకొకటి ఉంది. నరాల వల్ల వచ్చే నొప్పిని గుర్తుపట్టడానికి 2005లో ఫ్రాన్సు డాక్టర్లు డీఎన్4 అని ఒక చిన్న పరీక్ష ప్రచురించారు. అందులో 10 అంశాలు. 7 కేవలం అడిగి తెలుసుకునేవి: మంటగా ఉందా, చల్లదనంతో కూడిన నొప్పా, కరెంటు షాకులా కొడుతోందా, చిమచిమలాడుతోందా, సూదులు గుచ్చినట్టుందా, తిమ్మిరా, దురదా. మిగతా 3 చర్మాన్ని తాకి చూసేవి. 4 గానీ అంతకు మించి గానీ అవును అని వస్తే నరాలను అనుమానించాలి. చదివి కాసేపు కదలకుండా కూర్చున్నాను. మంట, చిమచిమ, తిమ్మిరి, పోగు తగిలినా తెలియకపోవడం. కుళాయి దగ్గర్నుంచి ఒంటికాలి చెప్పుతో నడిచొచ్చిన రోజుకే అమ్మ నోట సగం పరీక్ష అయిపోయింది. ఏ యంత్రమూ అక్కర్లేదు. ఆవిడ మాటను మార్చకుండా మోసుకెళ్ళే మనిషి ఒకరుంటే సరిపోయేది.

బొమ్మ ముఖాలు వద్దని నేననను. ఆపరేషను అయిన మనిషికి నిన్నటికీ ఇవాళ్టికీ తగ్గిందా పెరిగిందా చూడటానికి అంకె పనికొస్తుంది. మాటలు రాని పసిపిల్లల సంగతి వేరే. నొప్పి మీద పనిచేసే అంతర్జాతీయ సంఘం 1979 నాటి తన నిర్వచనాన్ని 2020లో సవరించింది. మనిషి తనకు నొప్పిగా ఉందని చెబితే దాన్ని గౌరవించాలనీ, నోటితో చెప్పడమనేది నొప్పిని తెలియజేసే దారుల్లో ఒకటి మాత్రమేననీ అందులో చేర్చింది. ఆ మాట నిజం. కానీ మా అమ్మకు నోరుంది. అవసరమైనదానికన్నా ఎక్కువే చెప్పగలదు. అలాంటి మనిషిని ముఖాల ముందు నిలబెట్టి అంకె అడిగాం.

*

మన మాటలన్నీ సత్యాలే అనుకుంటే అదీ పొరపాటే. ఇక్కడ నాకు నిజంగా భయం వేసేది గుండెపోటు.

పోటు అంటే పొడవడం. తలపోటు, చెవిపోటు, వెన్నుపోటు. సంస్కృతంలో శూల అన్నా అంతే, ఈటెతో పొడిచినట్టుండేది శూల నొప్పి. గుండెపోటు అన్న మాట వినీ వినీ, గుండెజబ్బు వస్తే కత్తితో పొడిచినట్టు ఉంటుందని మనలో చాలామంది మనసులో ఉండిపోయింది. అలా ఉండటం తక్కువ. 1768లో లండన్‌లో విలియం హెబర్డెన్ అనే వైద్యుడు తోటి వైద్యుల ముందు ఈ జబ్బు గురించి చదివినప్పుడు, గొంతు నులిమినట్టుండటం దాని లక్షణంగా చెప్పాడు. ఆయన పెట్టిన ఆంజైనా అన్న పేరుకు మూలార్థమే అది, గొంతు నొక్కేయడం. మనవాళ్ళు కూడా జబ్బు వచ్చినప్పుడు సరిగ్గా అలాగే చెబుతారు: గుండెల మీద బండ పెట్టినట్టుంది, ఛాతీ బిగబట్టేసింది, ఊపిరాడటం లేదు, ఎడమ చెయ్యి గుంజుతోంది, ఒళ్ళంతా చెమట. "పెయిన్ ఉందా?" అని అడగండి. "లేదండీ, గ్యాసు అనుకుంటా" అంటారు. అబద్ధం కాదు, వాళ్ళకున్నది బరువు. ఆడవాళ్ళలో, షుగరున్నవాళ్ళలో అయితే ఆ బరువు కూడా లేకుండా ఆయాసమో నీరసమో వికారమో మాత్రమే ఉండొచ్చు. పోటు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే పొద్దు గడిచిపోతుంది. జబ్బుకు మనం పెట్టుకున్న పేరు తప్పుదోవ పట్టిస్తున్నా, జబ్బుపడ్డ మనిషి వాడే క్రియ సరిగ్గానే చెబుతోంది. అందుకే నేను పదకోశాల కన్నా మనిషి నోటిని ఎక్కువ నమ్ముతాను.

నొప్పులు అన్న బహువచనం గురించి కూడా ఒక మాట. ముందు కీళ్ళో ఒళ్ళో చేర్చకుండా ఊరికే "నొప్పులు మొదలయ్యాయి" అంటే కాన్పే. ఇప్పుడు "పెయిన్స్ స్టార్టయ్యాయి" అంటున్నారు, దానివల్ల ఎవరికీ నష్టం లేదు, అందరికీ తెలిసిన సంగతే. కాన్పు నొప్పికి శిక్ష అన్న నీడ మాత్రం ఇంగ్లీషు మాట్లాడే దేశాల్లో నిజంగానే ఉండేది. ఎడింబరోలో జేమ్స్ సింప్సన్ అనే డాక్టరు 1847లో కాన్పుకు క్లోరోఫాం అనే మత్తుమందు ఇచ్చినప్పుడు, అది దేవుడు విధించినదాన్ని తప్పించడమే అన్నవాళ్ళకు జవాబుగా చిన్న పుస్తకమే రాయాల్సి వచ్చింది. 1853లో విక్టోరియా రాణి తన కాన్పుకు క్లోరోఫాం తీసుకున్నాక ఆ వాదన బాగా చల్లబడింది. ఆ మందు క్షేమమా కాదా అన్న తగవు తీర్చడానికి 1888లోనూ 1889లోనూ రెండు కమిషన్లు కూర్చున్నది మన హైదరాబాదులోనే. నిజాం డబ్బిచ్చాడు, ఎడ్వర్డ్ లారీ అనే డాక్టరు నడిపించాడు. ఆ రోజుల్లోనే ఇక్కడ వైద్యం చదువుకుని రోగులకు క్లోరోఫాం ఇచ్చిన రూపాబాయి ఫర్దూన్జీని ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు డాక్టరుగా చాలామంది చెబుతారు. నొప్పి తగ్గించే విద్యలో ఇంత పాత చరిత్ర ఉన్న ఊళ్ళో, నొప్పిని అడిగే విద్య ఇంత పలచబడటం నాకు మింగుడుపడదు.

*

మనసు నొప్పికి కూడా ఇప్పుడు పెయిన్ అనే అంటున్నారు. ఇంటర్వ్యూల్లో "ఆ పెయిన్ నాకు తెలుసు" అంటారు. ఆఫీసుల్లో పెయిన్ పాయింట్లు రాసుకుంటారు. ఆఫీసు మాటతో నాకు పేచీ లేదు, అది ఆ పనికి పుట్టిన మాట. కానీ మనసు చివుక్కుమనడం, నొచ్చుకోవడం, కుమిలిపోవడం ఒకటి కావు. చివుక్కుమన్నది మర్నాటికి పోతుంది. నొచ్చుకున్న మనిషిని పలకరించి రావాలి. కుమిలిపోతున్న మనిషిని ఒంటరిగా వదలకూడదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి కడుపుకోత. ఆ మాట తెలిసినవాళ్ళెవరూ ఆవిడ ముందు మైకు పెట్టి "మీ పెయిన్ ఏంటమ్మా" అని అడగలేరు.

పెయిన్ అంటే అందరికీ అర్థమవుతుంది కదా, డాక్టర్లు ఇంగ్లీషులో చదువుకున్నారు కదా అని నా స్నేహితురాలు వాదించింది. అర్థమవుతుంది, నిజమే. ఎక్కడో ఏదో బాగోలేదు అన్నంత వరకే అర్థమవుతుంది. ఆసుపత్రికి వచ్చిన ప్రతివాడి సంగతీ అదే. పైగా మన డాక్టర్లలో సగంమంది అమ్మలూ అమ్మమ్మలూ ఈ క్రియల్లోనే మూలుగుతారు. వాళ్ళకు ఈ భాష రాక కాదు, గదిలో అడుగుపెట్టగానే పక్కన పెట్టేస్తున్నారు. వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్ళకైతే నేర్పాలి. 2019 నుంచి ఎంబీబీఎస్ మొదట్లో నడిపే ఫౌండేషన్ కోర్సులో స్థానిక భాషకు కొన్ని గంటలున్నాయి. ఆ గంటల్లో వర్ణమాల కన్నా ముందు సలుపు, పీకు, మంట, చిమచిమ, తిమ్మిరి, బరువు నేర్పితే ఆ పిల్లలకు నలభై ఏళ్ళు పనికొస్తుంది.

తల్లిదండ్రుల పక్కన కూర్చునే మనకు మాత్రం ఏ కోర్సూ అక్కర్లేదు. డల్లాస్‌లోనో సిడ్నీలోనో అత్తగారిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళిన కోడలు ఆవిడ చెప్పిన పది వాక్యాలను ఒక్క వాక్యం చేసి అప్పజెప్పేస్తుంది. నేను అమీర్‌పేటలో చేసింది కూడా అదే. పెద్దవాళ్ళను త్వరగా గట్టెక్కించాలన్న తాపత్రయం అది, ప్రేమే. ఆ ప్రేమే అమ్మ చేత రెండు నెలలు పనికిరాని మందు మింగించింది. 'మంట' అంటే మంట అనే చెప్పండి. 'దూది మీద నడుస్తున్నట్టు' అంటే ఆ దూదిని కూడా చెప్పండి. డాక్టరుకు ఓపిక లేకపోతే కాగితం మీద రాసి చేతికివ్వండి.

అమ్మకు ఇప్పుడు మంటలు తగ్గాయి, పూర్తిగా పోలేదు. రోజూ రాత్రి కాళ్ళు కడుక్కుని మంచం మీద కూర్చుంటుంది, నేను అరికాళ్ళు, వేళ్ళ సందులు టార్చిలైటు వేసి చూస్తాను, గీతో పుండో ఉన్నా తనకు తెలియదు కాబట్టి. చెప్పులు వెనక పట్టీ ఉన్నవి కొన్నాను. ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం ఉంది, తారీఖు పక్కన అమ్మ ఆ రోజు అన్న మాట. నిన్నటి గడిలో ఇలా ఉంది: "మంట లేదు. ఎడమ చిటికెన వేలి దగ్గర చీమ పాకినట్టుంది. దులిపితే పోలేదు."